జ్వరం అని చెప్పాను

2వ తేదీ, శుక్రవారం

ఒప్పుకున్నాను.

ఎలా ఒప్పుకున్నానో నాకే అంతుపట్టడం లేదు. మధ్యాహ్నం మామయ్య పళ్ళ ఆసుపత్రి వెనక గదికే వచ్చేశారు, నేను పని చేసుకునే చోటికి. లోపలికి రమ్మంటే రాలేదు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ఆయన అలాగే నిలబడతారు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా.

"తొమ్మిది రోజులమ్మాయ్. కొండ దాటి అవతలి లోయదాకా వెళ్ళొస్తాం. రెండు గుర్రాలు, ఒక గుడారం. వాడికి పదేళ్ళొచ్చాయి. నేనింకా ఎన్నాళ్ళు జీను ఎక్కగలనో తెలీదు."

నా చేతిలో ఎవరివో కింది పళ్ళున్నాయి. మైనంలో ముందు పళ్ళు నిలబెట్టాను, దవడ పళ్ళు ఇంకా పెట్టలేదు. ఒక కోరపన్ను సరిచేస్తూ కూర్చున్నాను. మామయ్యకి పైన ఒక్క పన్ను లేదు. కట్టుడుపళ్ళు చేసే కోడలుండి బోసినోటితో తిరుగుతారు. ఎన్నిసార్లు అడిగినా "పోయింది పళ్ళేగా, ఆకలి కాదుగా" అంటారు.

"వాడు నన్ను అడిగాడు," అన్నారు మళ్ళీ. "నిన్ను అడగడానికి భయమట."

అది గుచ్చుకుంది. వాడికి నేనంటే భయమా?

"ఒక్క షరతు మామయ్యా. ఆ మాట వాడి దగ్గర రాకూడదు."

"రానివ్వనులే."

మా ఆయన పోయి ఐదేళ్ళు. వాడికి అప్పుడు ఐదేళ్ళే. నాన్నకేమైందని అడిగాడు. పెద్దవాళ్ళంతా నావైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. జ్వరం అని చెప్పాను. ఆసుపత్రిలో జ్వరంతో పోయాడని. ఆ వయసు పిల్లాడికి వాగు గురించి ఏం చెప్తాం? అప్పుడు అన్నది అలాగే ఉండిపోయింది. మామయ్యా మార్చలేదు, నేనూ మార్చలేదు.

3వ తేదీ, శనివారం

సంచి సర్దాను. మూడు చొక్కాలు, స్వెట్టరు, సబ్బు, మాత్రలు, దూది. వాడు ఒక్కొక్కటీ తీసి చూసి మళ్ళీ పెట్టాడు.

"సబ్బు ఒకటే పెట్టావేంటమ్మా? గుర్రాలకి?"

"గుర్రాలు నీకంటే శుభ్రంగా ఉంటాయిలే."

పొద్దున్న లేవగానే నా నుదుటి మీద చెయ్యి వేసి చూడటం వాడి అలవాటు. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. ఇవాళ చూశాక నా చెయ్యే తీసి నా నుదుటి మీద పెట్టాడు. "తొమ్మిది రోజులు నువ్వే చూసుకోవాలి. అరచేత్తో కాదు, మణికట్టుతో. వేడిగా ఉంటే ఆసుపత్రిలో పాలిష్ అక్కకి చెప్పు. చెప్తావు కదా?"

చెప్తానన్నాను. అమ్మంటే అంత ప్రేమ వెధవకి.

4వ తేదీ, ఆదివారం

వెళ్ళారు.

ఊరి చివర మామయ్య గుర్రాల పాక దాకా నేనూ వెళ్ళాను. ఐదేళ్ళలో అటు అడుగుపెట్టలేదు. వాసన అదే, తోలు, గడ్డి, కాల్చిన గిట్టల వాసన. మా ఆయన చొక్కాల్లో ఎంత ఉతికినా పోయేది కాదు. మామయ్యా ఆయనా కలిసి ఏడాదికి రెండుసార్లు ఇదే దారిన లోయ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు, అక్కడి గుర్రాలకి లాడాలు కొట్టడానికి.

మామయ్య నల్లగుర్రం తుమ్మెద మీద. వాడు గోధుమ మీద. ఆ రోజు మా ఆయన ఎక్కింది గోధుమనే. వాగులోంచి ఒంటరిగా ఒడ్డుకి వచ్చింది అదే. పేరు రంగును బట్టి పెట్టింది, ఇప్పుడు మూతి దగ్గర తెల్లబడింది. నేను దాని కళ్ళలోకి చూడలేదు. అది మాత్రం నన్నే చూస్తున్నట్టనిపించింది. గుర్రాలు పక్కకి చూస్తాయి కాబట్టి ఎవరికైనా అలాగే అనిపిస్తుందేమో.

వాడు జీను మీద ఎంత పొడుగ్గా ఉన్నాడో.

"నిదానంగా రండి," అన్నాను. "సోమవారమే రావాలనేం లేదు. ఆలస్యమైతే అవుతుంది. తొందరపడొద్దు." కాసేపాగి మళ్ళీ అన్నాను. వాళ్ళు పాక దాటుతుంటే వెనకనుంచి ఇంకోసారి అన్నాను.

మామయ్య వెనక్కి తిరిగి వింతగా చూశారు. "అలాగేనమ్మాయ్. తొందరేముంది."

ఎందుకు మూడుసార్లు అన్నానో ఇక్కడ రాయను.

5వ తేదీ, సోమవారం

రెండు సెట్లు పూర్తి చేశాను. ఇల్లు పొద్దున్న ఎలా వదిలానో అలాగే ఉంది. ఎవరూ చిందరవందర చెయ్యలేదు.

6వ తేదీ, మంగళవారం

మణికట్టుతో చూసుకున్నాను. చల్లగానే ఉంది.

8వ తేదీ, గురువారం

దిగులేం లేదు. పని ఎక్కువ చేస్తున్నాను, అంతే. డాక్టరుగారు కూడా అన్నారు, "ఈ వారం ఊళ్ళో ముసలివాళ్ళందరికీ పళ్ళు పెట్టేసేలా ఉన్నావే" అని. పళ్ళకి మెరుగు పెట్టే ఆవిడ, మా వాడు పాలిష్ అక్క అంటాడు, నేనూ అదే అంటాను, ఆవిడ మాత్రం నవ్వలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. నా డబ్బా మూత తీసి చూసి, తన స్టూలు నా పక్కకి లాక్కుని కూర్చుంది.

9వ తేదీ, శుక్రవారం

వాడి అల్మరా సర్దుదామని తెరిచాను. బడి పుస్తకాల వెనక ఒక పాత నోటుబుక్కు దొరికింది. అట్ట మీద పేరు లేదు. లోపల గీతలు కొట్టి తారీఖులు వేశాడు. రెండేళ్ళవి. ప్రతి తారీఖు పక్కనా ఒకే మాట.

చల్లగా. చల్లగా. చల్లగా. చల్లగా.

ముందు అర్థం కాలేదు. వాతావరణం గురించి బడిలో రాయమన్నారేమో అనుకున్నాను. ఎండాకాలంలో కూడా చల్లగా అనే ఉంది. పేజీలు తిప్పుతూ పోతే ఒకచోట ఇంకో మాట కనపడింది.

"కొంచెం వెచ్చగా. బడికి వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పాను."

ఆ రోజు నాకు గుర్తుంది. జలుబు చేసింది నాకు. వాడు కడుపు పట్టుకుని మంచం దిగలేదు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండి, వాడి కడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టాను. మధ్యాహ్నం నేను కాసేపు పడుకుంటే వాడు కుర్చీ జరుపుకుని నా తల దగ్గరే కూర్చున్నాడు. లేచి చూసి, వీడి కడుపునొప్పి ఉత్తిదేనని తెలిసి, దొంగవెధవా అని నవ్వాను కూడా.

అలాంటివి పదకొండు ఉన్నాయి. నాకు ఒంట్లో బాగాలేని రోజు ఒక్కటీ వదల్లేదు.

ప్రేమ అనుకున్నాను.

జ్వరం వస్తే మనిషి పోతాడని వాడికి చెప్పింది నేను. వాడు నమ్మాడు. నమ్మి, రోజూ పొద్దున్నే లేచి నేను పోతానేమోనని చూసుకుంటున్నాడు.

10వ తేదీ, శనివారం

వాడు రాగానే చెప్పేస్తాను. వచ్చిన రోజే. స్నానం అయ్యాక, అన్నం తిన్నాక.

వాన మొదలైంది.

11వ తేదీ, ఆదివారం

వాన. కొండవైపు నల్లగా ఉంది. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు.

వాళ్ళలో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే అక్కడ వాడి పరిస్థితి ఏమిటి? ఆలోచించకూడదు. దుప్పట్లన్నీ ఉతికాను. ఈ వానలో ఎక్కడ ఆరేస్తానో ఉతికాక గుర్తొచ్చింది.

12వ తేదీ, సోమవారం

రాలేదు.

ఆలస్యమైతే అవుతుందన్నది నేనే.

13వ తేదీ, మంగళవారం

వాన తగ్గింది. రాలేదు. కొండదారి మొదట్లో ఉన్న పెట్రోలు బంకు దాకా నడిచాను. బంకు కుర్రాడు పైపు పట్టుకునే చెప్పాడు, "రెండు రోజులుగా అటునుంచి ఎవరూ దిగలేదండీ. వాగు బాగా పొంగిందంట." థాంక్స్ అని చెప్పి వచ్చేశాను. దారిలో పాలిష్ అక్క ఎదురొచ్చింది. నన్ను వెతుక్కుంటూ వచ్చిందట. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించింది, నేనేదో చిన్నపిల్లనైనట్టు. మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఆవిడ మీద అరిచేదాన్ని.

14వ తేదీ, బుధవారం

వచ్చాడు. వచ్చాడు.

పొద్దున్న పనికి వెళ్ళాను, ఇంట్లో కూర్చోలేక. మూడింటికి ప్లాస్టరు కలుపుతున్నాను. వీధిలో ఏదో శబ్దం, తారు మీద ఇనుము. ఆగి ఆగి, చాలా నెమ్మదిగా. వెనకే బస్సు హారను. పాలిష్ అక్క మోటారు ఆపి నావైపు చూసింది. నేను అప్పటికే బయట ఉన్నాను.

వీధి మధ్యలో నడుస్తున్నాడు. నడుస్తున్నాడు, గుర్రం మీద లేడు. భుజం మీదుగా గోధుమ పగ్గం. గోధుమ మీద మామయ్య ముందుకి వాలి, దుప్పటి చుట్టి, గుడారం తాళ్ళతో జీనుకి కట్టేసి ఉన్నారు. వాళ్ళ వెనక తుమ్మెద ఎవరూ పట్టుకోకుండానే వస్తోంది. దాని వెనక బస్సు. వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తి, బస్సు డ్రైవరుతో చాలా మర్యాదగా, "అంకుల్, హారన్ కొట్టకండి. ఇది బెదిరితే తాతయ్య పడిపోతాడు," అంటున్నాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆసుపత్రిలో కుర్చీలో ఉన్న పేషెంటు నోట్లో దూదితో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

నేను పరిగెత్తి వాణ్ణి పట్టుకున్నాను. రెండు చేతులా ప్లాస్టరు. వాడి జుట్టంతా తెల్లగా అయింది.

"అమ్మా, ఆగు, పగ్గం వదలకూడదు," అన్నాడు నా పొట్టలోకి. తర్వాత, "తాతయ్యకి జ్వరం. శనివారం నుంచి. మాత్రలు నిన్న అయిపోయాయి. డాక్టర్ని పిలువు. ముందు గుర్రాలకి నీళ్ళు కావాలి."

పళ్ళ డాక్టర్ని పిలువు అంటాడేమిటని నాకు నవ్వొచ్చింది. నవ్వే అనుకున్నాను, అక్క తన కొంగుతో నా ముఖం తుడిచేదాకా.

బస్సు డ్రైవరు దిగి వచ్చి తాళ్ళు విప్పాడు. మామయ్యని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పక్కనే ఉన్న మా మేడ మెట్లు ఎక్కాడు. వాడు వేసిన ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది. "ఇవెవరు నేర్పారురా నీకు?" అని అడిగాడు. "నేనే," అన్నాడు వాడు.

అసలు డాక్టరు వచ్చి చూశాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, భయం లేదు, వారం కదలకూడదు అన్నాడు. సూది వేశాడు. మామయ్యని వాడి గదిలో పడుకోబెట్టాం.

వాడు స్నానం చేస్తే నీళ్ళు నల్లగా పోయాయి. అరచేతులు రెండూ పగ్గం ఒరిపిడికి లేచిపోయాయి. మందు రాస్తుంటే చెయ్యి లాక్కోలేదు. ప్లేట్లో అన్నం ఉండగానే కూర్చున్నచోట నిద్రపోయాడు. ఎత్తుకోబోయాను. ఎత్తలేకపోయాను. ఎప్పుడింత బరువెక్కాడు?

చెప్పలేదు. ఎలా చెప్తాను, నిద్రపోతే.

15వ తేదీ, గురువారం

పొద్దున్న మెలకువ వచ్చినా కళ్ళు తెరవకుండా పడుకున్నాను. వాడు లేచాడు. నేలమీదే పడుకున్నాడు, మంచం మెత్తగా ఉందట. నా పక్కనుంచి నడిచాడు. ఆగలేదు. మామయ్య గదిలోకి వెళ్ళి, మంచినీళ్ళు పట్టించి, తడిగుడ్డ మార్చి, ఈల వేసుకుంటూ గుర్రాల పాకకి వెళ్ళిపోయాడు.

నా నుదురు చూడలేదు.

మర్చిపోయి ఉంటాడు. గుర్రాల హడావుడి. పదకొండు రోజులు అమ్మ లేకుండా ఉన్నాడు, అలవాట్లు మారతాయి. మంచిదే.

మామయ్య ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. వాడు ఈల వేస్తున్నాడు.

16వ తేదీ, శుక్రవారం

ఇవాళ కూడా చూడలేదు.

చెప్పాలి. రేపు.

17వ తేదీ, శనివారం

మామయ్యకి జ్వరం దిగింది. జావ తాగించి గ్లాసు తీసుకుని వచ్చేస్తుంటే "కూర్చో తల్లీ" అన్నారు. తల్లీ అన్నారంటే ఏదో ఉంది.

"మాట తప్పాను."

నేను కూర్చున్నాను.

"వానలో తడిశాను. చీకటిపడేసరికి ఒళ్ళు కాలిపోయింది. వాడు నా నుదురు ముట్టుకున్నాడు చూడు, ఇంక అంతే. వణుకు. నాకు కాదు, వాడికి. ఏడవడం కాదమ్మా అది, ఊపిరి అందట్లేదు వాడికి. 'తాతా నువ్వు కూడా నాన్నలాగే జ్వరంతో పోతావా' అంటాడు. గుర్రాన్ని కట్టేయమంటే ముడి వెయ్యడానికి చేతులు రావట్లేదు. చుట్టూ మైళ్ళ దూరంలో మనిషి లేడు. వాణ్ణి ఆ భయంలో వదిలేస్తే మేమిద్దరం అక్కడే ఉండిపోయేవాళ్ళం. అందుకని చెప్పేశాను. మీ నాన్న జ్వరంతో పోలేదురా, వాగులో పోయాడు అని."

"ఏమన్నాడు?"

"మళ్ళీ నా నుదురు ముట్టి చూశాడు. తర్వాత, 'అయితే జ్వరం తగ్గిపోతుంది కదా' అన్నాడు. తగ్గుతుందిరా అన్నాను. ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళి గుర్రాలు కట్టేసి వచ్చాడు."

నేను గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాను.

"ఆదివారం పొద్దున్న వాగు దగ్గరికి వచ్చాం. దాటేద్దాం అన్నానంట నేను, నాకు తెలివి ఉంటేగా. వాడు పగ్గం ఇవ్వలేదు. 'అమ్మ ఆలస్యమైనా పర్వాలేదంది, మూడుసార్లు అంది' అని రాయి మీద కూర్చున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడమ్మా. కర్ర పాతి నీళ్ళెంత తగ్గాయో చూసుకుంటూ. మంగళవారం దాటించాడు నన్ను."

బోసినోటితో నవ్వారు. "ఇంకో సంగతి. నీకు చెప్పొద్దన్నాడు. 'అమ్మకి జ్వరం అనే తెలుసు కదా తాతా, అలాగే ఉండనీ. వాగని తెలిస్తే పాపం భయపడుతుంది' అన్నాడు."

వాడు నన్ను కూడా ఎవరో మోసం చేశారనుకుంటున్నాడు.

"ఆ రోజు వాగులో ఏం జరిగిందంటే," అని మొదలుపెట్టారు మామయ్య.

"వద్దు," అని లేచి వచ్చేశాను. ఐదేళ్ళుగా అదే చేస్తున్నాను.

18వ తేదీ, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాస్తాను.

పొద్దున్న మామయ్య లేచి కూర్చుని రొట్టెముక్క పాలల్లో నానబెట్టుకుంటూ ఉంటే, "ఎలాగూ కదలకూడదన్నారు కదా, పళ్ళకి అచ్చు తీస్తాను," అన్నాను. ఎందుకో ఎదురుచెప్పలేదు. డాక్టరుగారికి తెలిస్తే తిడతారు, అచ్చు తీయాల్సింది ఆయన. వెనకగది తాళం నా దగ్గరే ఉంది. అచ్చు పళ్ళెం, గులాబీరంగు పిండి తెచ్చుకున్నాను. చల్లటి నీళ్ళతో కలిపి, పళ్ళెంలో నింపి, పై దవడకి అదిమిపెట్టి పట్టుకున్నాను.

"రెండు నిమిషాలు. కదలొద్దు, మాట్లాడొద్దు. ముక్కుతో ఊపిరి తీసుకోండి."

ఆయన కళ్ళు రెండూ నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. చెయ్యి తియ్యడానికి లేదు, ఎటూ పోవడానికి లేదు. అప్పుడు అన్నాను.

"ఆ రోజు బయల్దేరేటప్పుడు ఆయనతో ఒక మాట అన్నాను మామయ్యా. అంతకుముందు రెండుసార్లు మీరు చెప్పిన రోజుకి రాలేదు. నాకు విసుగొచ్చింది. చెప్పిన రోజుకి గుమ్మంలో లేకపోతే ఇంక రానే వద్దు అన్నాను. ఆ మాట కోసమే పొంగే వాగులో దిగారు. వాడికి నేను జ్వరం అని చెప్పింది చిన్నపిల్లాడని కాదు. ఎందుకు దిగాడు అని అడుగుతాడని."

మామయ్య తల అడ్డంగా ఊపబోయారు.

"కదలొద్దు, అచ్చు పాడైపోతుంది."

గొంతులోంచి ఏవేవో శబ్దాలు చేశారు. గడ్డం మీదికి చొంగ కారుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. పిండి గట్టిపడేదాకా ఆగాను. ఆ రెండు నిమిషాలూ ఎంతకీ కాలేదు. పళ్ళెం బయటికి లాగగానే నోరు కూడా కడుక్కోలేదు ఆయన.

"పిచ్చిదానా. మీ ఇద్దరూ అనుకున్న రోజుకి ఇంకా రెండు రోజుల గడువుంది. మేం తొందరపడలేదు. ముందురోజంతా ఒడ్డునే కూర్చున్నాం, నీళ్ళు తగ్గాకే దిగాం. నా కొడుకు దాటేశాడమ్మా. గోధుమతో సహా అవతలి ఒడ్డున ఉన్నాడు. నా గుర్రం కాలు రాళ్ళలో ఇరుక్కుంది. నేను కేకేశాను. నా కేక విని గోధుమ మీదే వెనక్కి దిగాడు. పైనుంచి నీళ్ళొచ్చాయి." నోటి చుట్టూ గులాబీ పిండితో ఆయన ముఖం ఏడ్చి వచ్చిన పిల్లాడి ముఖంలా ఉంది. "నీకు కబురు అందేసరికి మూడు రోజులైంది. అప్పటికి ఆ గడువు దాటిపోయింది, అందుకని నీకలా లెక్క కుదిరింది. చెప్దామని ఎన్నిసార్లు వచ్చానో. నువ్వు విననంటావు. నేను పిలవకపోతే వాడు బతికుండేవాడని నువ్వు అంటావేమోనని, నాకూ అదే మేలనిపించింది."

తడిగుడ్డ తెచ్చి ఆయన ముఖం తుడిచాను. చాలాసేపు తుడిచాను.

"కేకెయ్యక ఏం చేస్తారు మామయ్యా," అన్నాను చివరికి. "మునిగిపోతుంటే."

అచ్చు బాగా వచ్చింది. ఒక్క బుడగ కూడా లేదు.

మధ్యాహ్నం పాకకి వెళ్ళాను. వాడు బకెట్ తిరగేసి దానిమీద నిలబడి గోధుమ జూలు దువ్వుతున్నాడు. నేను పాక గుమ్మంలోనే నిలబడ్డాను. మామయ్యలాగా.

"నాన్న జ్వరంతో పోలేదని నాకు తెలుసు," అన్నాను.

దువ్వెన ఆగింది. "తాతయ్య చెప్పేశాడా?"

"తాతయ్య కాదు. నాకు మొదటినుంచీ తెలుసు. జ్వరం అని నేనే కల్పించి చెప్పాను."

వాడు బకెట్ మీంచి దిగాడు. నన్ను చూసిన చూపు ఎప్పటికీ మర్చిపోను. కోపం కాదు. తెలియని ఊళ్ళో బస్సు దిగినట్టు చూశాడు.

"అబద్ధమా?"

"అబద్ధమే."

"మరి నేను రోజూ," అని ఆగిపోయాడు.

"నోటుబుక్కు చూశాను."

వాడి ముఖం ఎర్రబడింది. దువ్వెన నేలకేసి కొట్టి పాక వెనక్కి వెళ్ళిపోయాడు. నేను వెనకాల వెళ్ళలేదు. గోధుమ పక్కన నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. అది మూతి చాచి నా భుజం వాసన చూసి, పనికొచ్చేది ఏమీ లేదని మళ్ళీ గడ్డిలో పెట్టేసుకుంది.

తర్వాత వాడు వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. దువ్వెన ఏరుకుని, దుమ్ము దులిపి, దువ్వడం మొదలెట్టాడు. నావైపు చూడకుండా అడిగాడు.

"జ్వరమే ఎందుకన్నావు?"

"అప్పుడు నోటికి అదే వచ్చింది."

"జలుబు అని ఉండొచ్చుగా."

"జలుబంటే నువ్వు నమ్మేవాడివి కాదు."

కాసేపు దువ్వాడు. "నాన్నకి ఈత వచ్చా?"

"బాగా వచ్చు."

"నాక్కూడా నేర్పించు."

"నాకు రాదు. ఇద్దరం నేర్చుకుందాం."

ఇంక దాచుకోవడానికి ఓపిక లేదు. ఆయనతో నేనన్న ఆఖరి మాట కూడా చెప్పాను. చెప్పిన రోజుకి రాకపోతే ఇంక రానే వద్దు అన్నానని. వాడు దువ్వెన పళ్ళలోంచి వెంట్రుకలు తీస్తూ విన్నాడు.

"అంటే నాన్న ఏమన్నాడు?"

ఐదేళ్ళలో ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. నేనన్నదే గుర్తుంది, వెయ్యిసార్లు గుర్తొచ్చింది. ఆయన అన్నది వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికింది.

"నవ్వాడు. 'రావద్దంటే ఎక్కడికి పోతాను, మన ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది' అన్నాడు."

"కోప్పడలేదా?"

"లేదు."

"మరింకేం," అన్నాడు వాడు, తుమ్మెద వైపుకి బకెట్ జరుపుకుంటూ.

19వ తేదీ, సోమవారం

బడి తెరిచారు. వాడి బూట్లు బిగుతైపోయాయి, వేళ్ళు ముడుచుకుని నడుస్తూ వెళ్ళాడు. మామయ్య కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నారు. మైనం అచ్చులో ఆయన ముందు పళ్ళు నిలబెట్టడం మొదలెట్టాను. కొంచెం ఎడం పెట్టమన్నారు, కుర్రతనంలో అలాగే ఉండేవట, ఈల బాగా వచ్చేదట.

వీధి మలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏదో మర్చిపోయాడనుకుని కిందికి దిగాను.

"ఏంట్రా?"

"నాన్న గురించి ఇంకొకటి అడగాలి."

"అడుగు."

బడి గంట వినపడింది. అటు చూశాడు, ఇటు చూశాడు.

"వచ్చాక అడుగుతాలే," అని మళ్ళీ పరిగెత్తాడు.

సరే. వచ్చాక అడుగుతాడు.